గరుసు తగిలేదాకా

తిరుమంగళం దాటి దక్షిణానికి పోయేకొద్దీ నేల నల్లబడుతుంది. రోడ్డు మనదే. ఆదిలాబాద్ దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా మన రెండు రాష్ట్రాలనూ నిలువునా దాటుకొచ్చే 44వ నంబరు జాతీయ రహదారే ఇక్కడ విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి పక్కగా కన్యాకుమారికి పోతుంది. నేల కూడా మనకు తెలిసినదే. నంద్యాల, ఆదోని చేలగట్ల మీద నడిచినవాళ్లు బస్సు కిటికీలోంచి చూసి గుర్తుపట్టేస్తారు, నల్లరేగడి అని. తమిళులు ఈ ప్రాంతాన్ని కరిసల్ సీమ అంటారు. పత్తి, మినుము, సజ్జ, మిరప ఇక్కడి పంటలు. చాలావరకు వానను నమ్ముకున్న సేద్యమే. ఆ వాన మనకు మల్లే నైరుతిది కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలది. ఆగస్టులో ఇక్కడ ఆకాశం ఎండగట్టి ఉంటుంది, గాలి మాత్రం నిలవనివ్వదు. పడమటి కనుమల సందుల్లోంచి దూసుకొచ్చే ఆ గాలికే కయత్తారు వైపు గాలిమరలు రేయింబవళ్లు తిరుగుతుంటాయి. ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు ఈ ఎండు నెలల కోసం కాచుకుని ఉంటారు. వానలు పట్టాక రేగడిలో పునాది గుంత తీయడం ఎవరివల్లా కాదు.

నేను వెళ్లింది ఆ గుంతలు తవ్వడానికే. సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ మధ్య ఒక పల్లెలో, గుడిసెల్లో బతుకుతున్న కొన్ని కుటుంబాలకు ప్రభుత్వ పథకం కింద ఇళ్లు మంజూరయ్యాయి. వాళ్లకు మనిషి సాయం అందించడానికి ఒక చిన్న స్వచ్ఛంద బృందం అక్కడ పనిచేస్తోంది. అందులో కాలేజీ పిల్లలున్నారు, రిటైరైన టీచర్లున్నారు, ఒకరిద్దరు ఇంజినీర్లున్నారు. వాళ్ల దగ్గర డబ్బు పెద్దగా లేదు. శ్రమదానం అన్న మాటను ఇంకా మనసారా వాడుతున్న మనుషులు వాళ్లు.

దారిలో మేలక్కోట్టై దగ్గర దిగాను. పేదల ఇళ్ల గురించి ఆలోచించేవాళ్లు తమిళనాడులో తప్పక చూడవలసిన చోటది. 1998లో కరుణానిధి ప్రభుత్వం పెరియార్ పేరున మొట్టమొదటి సమత్తువపురం కట్టింది అక్కడే. ఇళ్లు నూరు. వాటిలో 40 దళితులకు, 25 వెనుకబడిన కులాలకు, 25 బాగా వెనుకబడిన కులాలకు, 10 ఇతరులకు. కులానికో వీధి లేకుండా అందరినీ కలగలిపి ఉంచాలన్నది నియమం. తర్వాత రాష్ట్రమంతటా ఇలాంటి కాలనీలు రెండు వందలకు పైగా వచ్చాయి. ఈ ఇళ్లు ఇప్పుడు పాతబడ్డాయి. కొందరు ముందు వసారా మూసి గది చేసుకున్నారు, కొందరు మిద్దె లేపారు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని మాట్లాడుకుంటున్న ఆడవాళ్లలో ఎవరు ఏ కులమో పైమనిషికి అంతుపట్టదు. ఇల్లు ఎంత గట్టిది అన్న ప్రశ్నతో పాటు ఇల్లు ఏ చోట ఉంది అన్న ప్రశ్న కూడా అడిగిన పథకాలు మన దేశంలో చాలా తక్కువ. ఆ రెండో ప్రశ్న ఎంత పెద్దదో నాకు పల్లె చేరాక ఇంకా బాగా తెలిసింది.

విరుదునగర్‌లో ఆగింది కామరాజ్ ఇల్లు చూడటానికి. 1903లో ఆ ఊళ్లో పుట్టిన మనిషి. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారకం. ఇరుకు వీధిలో చిన్న ఇల్లు, గోడల నిండా ఫొటోలు. తొమ్మిదేళ్లు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండి కూడా ఆయన తనకంటూ ఇంకో ఇల్లు కట్టుకోలేదు. 1975లో మద్రాసులో అద్దె ఇంట్లోనే కన్నుమూశారు. 1964లో ఆయనకు కాంగ్రెస్ అధ్యక్ష పదవి అప్పగించింది మన దామోదరం సంజీవయ్య. కర్నూలు దగ్గరి పెదపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి ముఖ్యమంత్రి అయినవారు. లేమి అంటే ఏమిటో చిన్ననాడే తెలిసిన ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు దేశంలోకెల్లా పెద్ద పార్టీని నడిపిన రోజులుండేవి. ఈ విరుదునగర్‌లోనే 1956లో శంకరలింగనార్ అనే గాంధేయవాది, రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టడం మొదలుగా కొన్ని కోరికలతో రెండున్నర నెలలు నిరాహార దీక్ష చేసి అక్టోబరు 13న ప్రాణం విడిచారు. పొట్టి శ్రీరాములు పోయి అప్పటికి నాలుగేళ్లయినా నిండలేదు. తెలుగువాడు ఆ ఊరి మీదుగా పోతూ ఆయన్ను తలచుకోకుండా ఉండలేడు.

పల్లె పేరు రాయడం లేదు. పేరు చెబితే ఏ ఇల్లు ఎవరిదో తెలిసిపోయేంత చిన్న ఊరు. బస్సు దిగి నడుస్తుంటే వెనక నుంచి తెలుగు వినబడింది. ఈ సీమలో అది వింత కాదు. విజయనగర కాలం నుంచీ ఇటు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఎందరో. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాలెగాళ్ల మూలాలు తెలుగువే. కట్టబొమ్మన్‌ను 1799లో ఇంగ్లీషువాళ్లు ఉరితీసిన కయత్తారు ఇక్కడికి దగ్గరే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అనే పల్లె ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్‌ది ఆ ఊరే. 1976లో ఆయన రాసిన 'గోపల్ల గ్రామం' తెలుగు నేల విడిచి పారిపోయి వచ్చిన కమ్మవారు ఇక్కడి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథ. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ఊరివాడే అయిన కు. అళగిరిసామికి అంతకుముందు 1970లోనే వచ్చింది.

అయితే వలస వచ్చిన అందరికీ అడవి కొట్టుకుని భూమి పట్టుకునే వీలు దొరకలేదు. నేను పనిచేసిన వీధి అరుంధతీయులది. వాళ్ల ఇంటి భాషా తెలుగే. తోలుపని, పొలం కూలి, ఊళ్ల పారిశుధ్యం పని తరతరాలుగా వాళ్ల మీద పడ్డాయి. 2009లో తమిళనాడు ఎస్సీ రిజర్వేషన్‌లో వాళ్లకు విడిగా 3 శాతం కేటాయించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు అనుకూలంగా తీర్పు ఇచ్చినప్పుడు దండోరా జెండాలు ఎగిరిన మన పల్లెల్లో లాగే ఈ వీధిలోనూ మిఠాయిలు పంచుకున్నారట. ఊళ్లో భూమి ఉన్నవాళ్లూ తెలుగే మాట్లాడతారు, లేనివాళ్లూ తెలుగే మాట్లాడతారు. ఒకే భాష మాట్లాడే ఆ రెండు వీధుల మధ్య ఒక చింతతోపు, ఒక వాగు గట్టు ఉన్నాయి.

వీధి పల్లంలో ఉంది. ఊరి మెరకంతా భూమి ఉన్నవాళ్ల ఇళ్లు. వాన కురిస్తే ఊరి నీరు మొత్తం ఈ చివరికే దిగుతుంది. మామూలు నేలలో అయితే బురదతో పోయేది. రేగడిలో అలా పోదు. ఆ మట్టిలోని మాంట్‌మోరిలోనైట్ అనే బంక ఖనిజం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఇల్లు మొత్తం ఒక్కలాగే లేచి ఒక్కలాగే దిగితే చిక్కు లేదు. గోడల పక్కన తడి చేరుతుంది, గది మధ్యన పొడిగా ఉండిపోతుంది. ఒక మూల పైకి తోస్తుంది, ఇంకో మూల కిందికి లాగుతుంది. ఎవరిని తరతరాల కింద పల్లంలోకి నెట్టారో వాళ్ల ఇంటికే లోతైన పునాది కావాలి. నేను ఈ ప్రయాణం గురించి రాయాలనుకున్నది ఈ ఒక్క సంగతి చెప్పడానికే.

మేం తవ్వుతున్న గుంతకు ఎదురుగా కొన్నేళ్ల కిందట కట్టిన ప్రభుత్వ ఇల్లు ఒకటుంది. కిటికీ కింది మూల నుంచి పునాది దాకా చీలిక. ఇటుక వరసల్ని పట్టుకుని మెట్లు మెట్లుగా దిగింది. చెయ్యి అడ్డంగా పెడితే నాలుగు వేళ్లూ పోతాయి. ఇంటావిడ దాన్లో పాత చీర పేలికలు కుక్కి ఉంచింది, తేళ్లు రాకుండా. అడిగితే, "కార్తీకం వానలకు తీసేస్తానన్నా. గోడ దానికదే మూసుకుంటుంది. పేలికలు ఉంటే పక్కకు పగులుతుంది" అంది. ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదిలే గోడతో ఆమె అలా సర్దుకుని బతుకుతోంది. ఆ ఇంటికి పునాది రెండడుగులే తీశారట. అప్పటికి ఇచ్చిన డబ్బు అంతవరకే వచ్చింది.

మా గుంత సంగతి. సున్నంతో ముగ్గు పోసి, మేకులు పాతి, దారం కట్టి తవ్వకం మొదలుపెట్టారు. పై రెండడుగులు నెర్రెల వల్ల పెళ్లలు పెళ్లలుగా లేస్తాయి. నెర్రెలోకి గడ్డపార జారవిడిస్తే మోకాటి లోతు దాకా తనంతట తనే పోతుంది. ఆ కింద మట్టి ముదురు నలుపు, లోపల ఇంకా తేమ. అది పార అంచుకు పట్టుకుంటే వదలదు. నాలుగు దెబ్బలకోసారి కొబ్బరి చిప్పతో గీకి పారెయ్యాలి. ఆడవాళ్లు వరసగా నిలబడి బొచ్చెలు అందుకుంటారు. కాలేజీ పిల్లలు మొదటి పూట తొందరగా తవ్వి చేతులు బొబ్బలెక్కించుకున్నారు. ఆ ఇంటి అవ్వ వాళ్లను కూర్చోబెట్టి, పార ఎత్తడం ఎలాగో నడుము నుంచి చూపించింది. సాయానికి వచ్చినవాళ్లకు ఇంటివాళ్లే పని నేర్పారు. శ్రమదానంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇల్లు ఎవరిదో పెత్తనం వాళ్లది. మేస్త్రీ మాట ఆఖరి మాట. మిగతా అందరం చేతులం.

మేస్త్రీ సాత్తూరు మనిషి, అరవై దాటినవాడు. లోతు చూడటానికి టేపు తీయడు. గడ్డపారను నిలువుగా ఎత్తి వదిలి వింటాడు. రేగడిలో దిగితే మెత్తగా, మాట మింగేసినట్టు ఉంటుంది. కింద సుద్ద కలిసిన గరుసు తగిలితే ఖణేలుమంటుంది. అది వినబడేదాకా ఆయన తవ్వకం ఆపనివ్వడు. ప్లానులో మూడడుగులని రాసి ఉంది. తూర్పు వైపు మూడున్నరకే చప్పుడు మారింది. పల్లం ఉన్న పడమటి మూల నాలుగున్నర దాటాక గానీ గరుసు తగల్లేదు. ఆ మూలలో దిగినవాళ్ల తలలు మాత్రమే పైకి కనిపించేవి. గడ్డపార మోగినప్పుడు గుంత చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా మాటలాపి మేస్త్రీ ముఖం వంక చూశారు. ఆయన రెండోసారి, మూడోసారి వదిలి చూసి తల ఊపాడు.

అక్కడితో సగం పనే అయినట్టు. గుంత అడుగున ఇసుక, గరుసు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఆపైన బండరాళ్ల కట్టుబడి. దాని మీద ఇల్లంతా చుట్టి వచ్చేలా ఇనుప కమ్ములతో కాంక్రీటు బీము పొయ్యాలి, నాలుగు గోడలూ కలిసి కదలాలే తప్ప ఏదీ విడిగా కదలకుండా. తవ్వి తీసిన నల్లమట్టిని తిరిగి గదుల్లో నింపకూడదు. బయటి నుంచి ఎర్రగరుసు తోలించాలి. ఇంటి చుట్టూ నీరు నిలవకుండా వాలుగా గచ్చు చెయ్యాలి. డబ్బున్నవాళ్లు కట్టే భవనాలకైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేల కోసమే తీర్చిన పద్ధతి ఉంది, అడుగున ఉబ్బెత్తుగా విచ్చుకునే కాంక్రీటు స్తంభాలు దించడం. విద్య లేక కాదు ఈ గోడలు పగిలేది.

లెక్క చూడండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2016లో గ్రామాలకు మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా ఇరవై వేలు, కొండ ప్రాంతంలో లక్షా ముప్పై వేలు అని పెట్టారు. కొండకు ఖర్చు ఎక్కువని గుర్తించారు. రేగడికి ఎక్కువని గుర్తించలేదు. తమిళనాడు 2024లో మొదలుపెట్టిన 'కలైంజ్ఞర్ కనవు ఇల్లం' చాలా మెరుగు. 360 చదరపు అడుగుల ఇంటికి మూడున్నర లక్షలు ఇస్తున్నారు. 2030 నాటికి గుడిసె లేని తమిళనాడు కావాలన్నది లక్ష్యం. కానీ గట్టినేల మీద కట్టుకునేవాళ్లకూ అంతే, ఈ పల్లంలో నాలుగున్నర అడుగులు తవ్వుకునేవాళ్లకూ అంతే. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లకు ఐదు లక్షలు ఇస్తున్నా మొదటి లక్ష చేతికొచ్చేది బేస్‌మెంటు పూర్తయ్యాకే. అంటే ఆదిలాబాద్ రేగడిలో ఉన్న కుటుంబం ఆ బేస్‌మెంటు దాకా అప్పుతో రావాలి. భూమి పైన కనిపించే ఇంటికి డబ్బు లెక్కగడుతున్నారు, భూమి లోపలి ఇంటికి కట్టడం లేదు. లింటెల్ దాకా లేచి ఆగిపోయి, గోడల మధ్య జిల్లేడు మొలిచిన ఇళ్లు మన జిల్లాల్లో ఎన్ని చూశాం! వాటిలో చాలావాటి డబ్బు నేలలోకే దిగిపోయి ఉంటుంది. ఇంజినీర్లు ప్రతి మండలంలో ఉన్నారు, నేలల పటాలు ఉన్నాయి. రేగడి గ్రామాలకు పునాది ఖర్చు కొంత కలిపి, అదీ ముందుగా ఇవ్వడం ప్రభుత్వాలకు అసాధ్యమైన పనేమీ కాదు.

అందువల్లే ఈ బృందం ఒక నియమం పెట్టుకుంది. వాళ్లు రంగులు వెయ్యడానికి రారు, గృహప్రవేశానికి రిబ్బను కట్టడానికి రారు. గుంత తవ్వడం నుంచి బీము పోసేదాకా ఉంటారు. అక్కడ మిగిలిన కూలి డబ్బుతో ఇంటివాళ్లు ఇనుము కొనుక్కుంటారు. నాకు ఇది చాలా తెలివైన పద్ధతి అనిపించింది. పరాయి మనుషులు వచ్చి పేదల ఇంటికి ఇటుకలు మోయడం మనకు కొత్త కాదు. మిల్లార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో అమెరికాలో మొదలుపెట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ భారతదేశంలో తొలి అడుగు వేసింది 1983లో, మన ఖమ్మంలో. ఇంటివాళ్లూ పనిలో చెయ్యి వెయ్యాలి, వచ్చినవాళ్లూ వెయ్యాలి అన్నది వాళ్ల సూత్రం. 2006లో లోనావాలా దగ్గర నూరు ఇళ్లు కట్టడానికి అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వయంగా సుత్తి పట్టుకుని వచ్చారు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ కట్టించిన ఇళ్లు రాయలసీమ పల్లెల్లో ఎటు పోయినా కనిపిస్తాయి. ఈ అనుభవమంతా మన దగ్గరుంది. సాయాన్ని ఎక్కడ పెడితే ఎక్కువ అక్కరకొస్తుందన్న ఆలోచన మాత్రం ఈ కరిసల్ పల్లెలో నాకు ఎక్కువ స్పష్టంగా కనిపించింది.

ఇంటి యజమానురాలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. శివకాశి నాడార్లు ఇద్దరు కలకత్తా పోయి ఈ విద్య నేర్చుకొచ్చి వందేళ్లు దాటింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ లక్షల కుటుంబాలకు అదే కూడు. 2021 డిసెంబరులో పద్నాలుగేళ్ల తర్వాత అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, కూలి పెట్టెల లెక్కన. ఆమె పొద్దున వ్యాను ఎక్కేలోపు ఓ గంట, వచ్చాక చీకటి పడేదాకా గుంతలోనే ఉండేది. పట్టా ఆమె పేరునే ఉంది. దాని కోసం అత్తగారు ఇరవై ఏళ్లు తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగిందట. పట్టా లేనిదే ఏ పథకమూ రాదు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, తాటాకు కప్పులో కాక ఇనప పెట్టెలో దాచింది. ఎందుకని అడగనక్కర్లేదు. రెండేళ్ల కింద వేసవిలో ఆ వీధిలో ఒక గుడిసె అంటుకుంటే ఆ గాలికి పక్క రెండూ పోయాయి. పగలంతా అగ్గిపుల్లల మధ్య పనిచేసి రాత్రి తాటాకు కింద పడుకునే మనిషికి శ్లాబు అంటే ఏమిటో మనం ఊహించడం కష్టం. "వాన కారినా ఓర్చుకుంటాను, నిద్రలో లేచి లేచి పొయ్యి చూసుకోవడం తప్పితే చాలు" అంది.

మధ్యాహ్నం సజ్జ అంబలి, పచ్చిమిరపకాయ, ఎండబెట్టి వేయించిన మజ్జిగ మిరప. సాయంత్రం ఎవరో ఒకరు కోవిల్‌పట్టి నుంచి కడలై మిఠాయి తెచ్చేవాళ్లు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుసెనగ పట్టీ అది. మట్టి చేతులతోనే విరుచుకుని తినేవాళ్లం.

బీము పోసిన రోజు తెల్లవారుజామునే మొదలుపెట్టారు, ఎండకు కాంక్రీటు పగుళ్లివ్వకుండా. మిక్సరు లేదు. రేకు మీద కలిపి బొచ్చెలతో అందించారు. ఆ రోజు ఫ్యాక్టరీకి వీధిలో ఎవరూ పోలేదు. కూలి పోగొట్టుకుని వచ్చిన ఆ ఆడవాళ్లే మా అందరికంటే పెద్ద దాతలు. మధ్యాహ్నానికి నాలుగు వైపులా బీము కలిసింది. మర్నాటి నుంచి దాన్ని గోనెసంచులు కప్పి తడిపి ఉంచాలి. నీళ్లు ఆ వీధికి రోజు విడిచి రోజు వస్తాయి. ఇంటికి ఇన్ని బిందెలని ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. ఎదురింటి చీలిక గోడ ఆవిడ తన వంతు కాకపోయినా మొదటి రెండు బిందెలూ తనే తెచ్చి పోసింది.

ఆ వారమే పక్క స్థలానికి ముగ్గు పోశారు. అది ఇంకా పల్లం. మేస్త్రీ ముందుగానే గడ్డపార వేసి చూసి ఐదడుగులు తప్పదన్నాడు. వానలు పడేలోగా ఆ వీధిలో ఇంకా కొన్ని గుంతలు తవ్వాలి, మనుషులు చాలడం లేదు. పోదలచినవాళ్లు జూన్ నుంచి సెప్టెంబరు లోపల పోవాలి. దిగాల్సింది సాత్తూరు స్టేషన్‌లో. తమిళం రాదని జంకక్కర్లేదు, పని అంతా తెలుగులోనే చెబుతారు.